అప్పు పుట్టని గోడలు

"మావయ్యా, ఇంటికి పేరుంటే అప్పివ్వరా?" అని ఫోన్లో అడిగాడు మా మేనల్లుడు.

వాడు ఇంగ్లండులో లీడ్స్ దగ్గర ఉంటాడు. ఆసుపత్రిలో ఉద్యోగం. ఆరేళ్లు అద్దెలు కట్టీ కట్టీ విసిగిపోయి ఒక ఇల్లు చూసుకున్నాడు. మూడు పడకగదులు, వెనక తోట, ముందు కారు పెట్టుకునే చోటు. పక్క వీధిలో సరిగ్గా అంతే ఉన్న ఇంటికన్నా అరవై వేల పౌండ్లు తక్కువ. ఎందుకు తక్కువో అడగాల్సింది, ఆశ కొద్దీ అడగలేదు. బ్యాంకు పంపిన వాల్యుయరు వచ్చాడు. పావుగంట ఇల్లంతా తిరిగి, నిచ్చెన వేసుకుని అటకెక్కి, టార్చిలైటు కొట్టి చూసి, దిగి వెళ్లిపోయాడు. నాలుగు రోజులకి ఉత్తరం వచ్చింది. ఈ ఇల్లు మా అప్పుకి తగిన హామీ కాదు అని. కారణం రాసే చోట ఒకే ఒక్క మాట: ఏరీ.

మన దగ్గర ఇంటికి పేరుంటే గొప్ప. గేటు పక్కన పాలరాతి మీద చెక్కించుకుంటాం. బ్రిటన్‌లో కొన్ని ఇళ్లకి కట్టిన పద్ధతిని బట్టి పేర్లు పడ్డాయి. ఏరీ, కార్నిష్ యూనిట్, వూలవే, రీమా, యూనిటీ, ఆర్లిట్. చుట్టాల పేర్లలా వినిపిస్తాయి గానీ, వాల్యుయరు కాగితంలో వీటిలో ఏ ఒక్కటి కనబడినా చాలామంది బ్యాంకర్లు పెన్ను మూసేస్తారు. నేను ముప్పై ఏళ్లు కాకినాడలో ఇంజనీరింగ్ పిల్లలకి కాంక్రీటు పాఠం చెప్పినవాణ్ణి. ఏరీ మాట వినగానే, వాడి ఇంటి సంగతి పక్కన పెట్టి, నా పాఠం గుర్తొచ్చి లోపల కొంచెం సంతోషపడ్డానని ఒప్పుకోవాలి.

బ్రిటన్ బ్యాంకుల లెక్కలో మామూలు ఇల్లంటే ఇటుక గోడో రాతి గోడో ఉండాలి, పైన పెంకో పలకరాయో ఉండాలి. ఇది కానిదంతా 'నాన్ స్టాండర్డ్'. ఆ సంచిలో వేసేవాటికి ఒకదానితో ఒకటికి పొంతన ఉండదు. నాలుగొందల ఏళ్ల మట్టి ఇల్లూ అందులోనే, నిన్న ఫ్యాక్టరీలో చేసి లారీలో తెచ్చిన ఇల్లూ అందులోనే. గడ్డికప్పు, ఉక్కు చట్రం, చెక్క చట్రం, ముందే పోతపోసిన కాంక్రీటు, అన్నీ ఒకే గాటన.

మన బ్యాంకులు అడిగేది కాగితాలు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాను అప్రూవలు. గోడలో ఏముందో అడిగిన బ్యాంకు మేనేజరుని నేను చూడలేదు. అక్కడ హక్కు పత్రాల బెడద తక్కువ, భూమి రిజిస్టరు చూస్తే యజమాని ఎవరో తేలిపోతుంది. అందుకని వాళ్ల అనుమానమంతా గోడ మీదికి మళ్లింది. అప్పు ఇరవై అయిదేళ్లు, ఇప్పుడైతే ముప్పై అయిదేళ్లు, ఆపైన కూడా సాగుతుంది. మధ్యలో వీడు కట్టలేకపోతే ఇల్లు అమ్ముకోవాలి. ఆ రోజున కొనడానికి వచ్చేవాడికి మరో బ్యాంకు అప్పివ్వాలి కదా? ఆ మరో బ్యాంకు ఇవ్వదేమోనన్న అనుమానంతోనే ఈ బ్యాంకు ఇవ్వదు. ఈ బ్యాంకు ఇవ్వలేదు కాబట్టి ఆ బ్యాంకు ఇవ్వదు. ఇంట్లో ఉండే మనిషికి కావలసింది ఇల్లు నిలబడటం. బ్యాంకుకి కావలసింది, అప్పు తీరేనాటికి కూడా ఆ ఇంట్లో ఇంకా అంతే ఆయుష్షు మిగిలి ఉండటం. ఈ మధ్య ఫ్యాక్టరీ ఇళ్ల కోసం 2013లో అక్కడ 'బోపాస్' అని ఒక హామీ పథకం పెట్టారు. అది కోరేది అరవై ఏళ్ల మన్నిక. ఒకడి తర్వాత ఒకడు ఇద్దరు అప్పు తీసుకుని తీర్చేటంత కాలం అన్నమాట.

ఇంతకీ ఈ ఏరీలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి బాంబులకి కూలినవీ, ఉండటానికి పనికిరానివీ కలిపి బ్రిటన్ లక్షల ఇళ్లు పోగొట్టుకుంది. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకి పెళ్లిళ్లు అవుతున్నాయి, పిల్లలు పుడుతున్నారు. ఇటుకలు చాలవు, కలప లేదు, తాపీ పని తెలిసినవాళ్లు అంతకన్నా లేరు. ఉన్నవల్లా యుద్ధ సామగ్రి చేసి చేసి ఇప్పుడు ఖాళీగా ఉన్న ఫ్యాక్టరీలు. 1944లో చట్టం చేసి పదేళ్ల కోసమని 1,56,000కు పైగా తాత్కాలిక ఇళ్లు దించారు. వీటిలో విమానాల ఫ్యాక్టరీల నుంచి వచ్చిన అల్యూమినియం ఇళ్లే యాభై వేలు దాటాయి. పదేళ్లకని కట్టినవి చాలాచోట్ల అరవై ఏళ్లు నిలిచాయి. లండన్ క్యాట్‌ఫర్డ్‌లో జర్మన్, ఇటాలియన్ యుద్ధఖైదీలు నిలబెట్టిన 187 ఇళ్ల కాలనీలో ఆరింటిని 2009లో వారసత్వ కట్టడాల జాబితాలో కూడా చేర్చారు. ఆ కథ ముచ్చటైనదే గానీ, మనకి కావలసింది రెండో రకం. తాత్కాలికం కాదు, శాశ్వతం అనుకుని కట్టినవి.

లీడ్స్ నిర్మాణ వ్యాపారి సర్ ఎడ్విన్ ఏరీ తెచ్చిన పద్ధతి వాటిలో ఒకటి. అరచేతి వెడల్పున్న కాంక్రీటు స్తంభాలు ముందే అచ్చుల్లో పోసి, రెండడుగులు కూడా లేని దూరంలో వరసగా నిలబెడతారు. స్తంభం లోపల ఊచకి బదులు ఇనుప గొట్టం. యుద్ధంలో వాడిన సైనిక వాహనాల తుక్కు నుంచి తీసిందది. బయట పొడుగాటి కాంక్రీటు పలకలు, చేప పొలుసుల్లా పైది కిందిదాని మీదకి వాలుతూ ఉంటాయి. వాటిని స్తంభాలకి రాగి తీగలతో కడతారు. ఇద్దరు మనుషులు ఎత్తగలిగితే చాలు, క్రేను అక్కర్లేదు. అలా 26 వేల ఇళ్ల దాకా వెలిశాయి. నైరుతి మూల కార్న్‌వాల్‌లో చైనా క్లే తీయగా మిగిలిన వ్యర్థాన్ని ఇసుకా కంకరా చేసి కార్నిష్ యూనిట్లు పోశారు. అవి 30 వేలు. ఇలాంటి పద్ధతులు పదులకొద్దీ ఉండేవి. అప్పటి మంత్రులూ, మునిసిపాలిటీ వాళ్లూ రిబ్బన్లు కోసి మురిసిపోయారు. వాళ్లని తప్పు పట్టలేం. తలదాచుకునే చోటు లేనివాడికి నువ్వు నలభై ఏళ్ల తర్వాతి తుప్పు గురించి చెబితే నవ్విపోతాడు.

ఇక్కడ నా పాఠం మొదలవుతుంది, కాసేపు ఓపిక పట్టాలి.

తాజా కాంక్రీటు లోపల సున్నపు నీరు ఉంటుంది. గట్టిపడ్డాక కూడా దాని సూక్ష్మ రంధ్రాల్లో ఆ క్షారం అలాగే నిలిచి ఉంటుంది. పీహెచ్ లెక్కన 12.5 నుంచి 13. అంత క్షారంలో ఇనుము ఉంటే దాని ఒంటిమీద మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండని ఆక్సైడు పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం, నీళ్లు తగిలినా గాలి తగిలినా ఇనుము తుప్పు పట్టదు. కాంక్రీటు ఇనుమును కాపాడేది తన గట్టిదనంతో కాదు, తన సున్నంతో. పరీక్షలో ఈ ప్రశ్న ఇస్తే సగం మంది తప్పు రాసేవాళ్లు.

ఆ సున్నానికి శత్రువు గాలిలో ఉంది. పదివేల పాళ్ల గాలిలో నాలుగు పాళ్లే ఉండే బొగ్గుపులుసు వాయువు మెల్లగా కాంక్రీటులోకి దిగుతుంది, సున్నంతో కలిసి సుద్ద అవుతుంది. దీన్ని కార్బనేషన్ అంటారు. మన పాత కోటలకీ గుళ్లకీ గానుగ సున్నంతో చేసిన గచ్చు రాయిలా గట్టిపడింది సరిగ్గా ఈ చర్య వల్లనే. కాంక్రీటుకి కూడా దీనివల్ల హాని లేదు, ఇంకా కాస్త గట్టిపడుతుంది. చిక్కల్లా లోపల ఉన్న ఇనుముకి. సుద్దగా మారిన చోట పీహెచ్ 9 కిందికి పడిపోతుంది, ఆ పల్చటి పొర కరిగిపోతుంది. గచ్చుకి వరమైనది ఇనుముకి శాపం. ఇక తడి తగలడమే తరువాయి.

తుప్పు ఊరుకోదు. పోయిన ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. లోపల నుంచి తోస్తుంది. కాంక్రీటు నొక్కితే తట్టుకుంటుంది గానీ లాగితే ఓర్చుకోలేదు. ఊచ పొడుగునా సన్నటి బీట పడుతుంది, ఆ బీటలోంచి నీళ్లు దిగుతాయి, తుప్పు ఇంకా జోరందుకుంటుంది. చివరికి పెచ్చులూడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇల్లున్న ఎవరికీ పెచ్చులూడటం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఈ దిగడానికి ఒక లెక్క ఉంది. లోతు కాలంతో సూటిగా పెరగదు, కాలానికి వర్గమూలంతో పెరుగుతుంది. ఉదాహరణకి మొదటి ఏడాది 4 మి.మీ. దిగిందనుకుందాం. నాలుగేళ్లకి 8, తొమ్మిదేళ్లకి 12, ఇరవై అయిదేళ్లకి 20 మి.మీ. ఊచ మీద కాంక్రీటు మందం, అంటే కవరు, 40 మి.మీ. ఉంటే గాలి ఊచను చేరడానికి వందేళ్లు. 20 ఉంటే పాతికేళ్లు. మందం సగం తగ్గితే ఆయుష్షు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. మేస్త్రి ఊచల కింద కవరు బిళ్లలు పెట్టకుండా శ్లాబు పోస్తుంటే అరిచి గోలపెట్టాలి అనేది ఇందుకే. సన్నటి ఏరీ స్తంభం మధ్యలో గొట్టం పెడితే దాని చుట్టూ మిగిలే కవరు ఎంత? పైగా అచ్చులు త్వరగా ఖాళీ కావాలని కొన్ని ఫ్యాక్టరీలు కాంక్రీటులో కాల్షియం క్లోరైడు కలిపేవి. చలికాలంలో కూడా గబగబా గట్టిపడుతుంది. ఆ క్లోరైడు, ఉప్పుగాలిలోని క్లోరైడు లాగానే, సుద్ద దాకా ఆగకుండా ఇనుము మీది పొరను నేరుగా గుచ్చుతుంది. బ్రిటన్‌లో దీన్ని ఇనుమున్న కాంక్రీటులో వాడకుండా 1977లో కట్టడి చేశారు. అప్పటికే ఇళ్లు కట్టేశారు, జనం చేరిపోయారు.

పోయిన వేసవిలో నేను వాడి దగ్గరికి వెళ్లాను. ఇల్లు అమ్ముడుపోలేదు, అలాగే ఉంది. ఏజెంటు తాళం తీసి చూపించాడు. లోపల మామూలు ఇల్లే. గోడకాగితం, తివాచీ, తెల్లరంగు. లోపలి నుంచి చూసి ఎవరూ పోల్చలేరు. అటకెక్కితే బయటపడుతుంది. పక్కగోడ త్రికోణం మీద లోపలి పూత ఉండదు కాబట్టి సన్నటి స్తంభాలు పక్కటెముకల్లా వరసగా కనిపిస్తాయి. వాల్యుయరు టార్చి వేసింది అక్కడే. నేనూ వేశాను. ఒక స్తంభం మీద పైనుంచి కిందికి తల వెంట్రుకంత గీత. వేలు పెట్టి రాస్తే వేలికి ఎర్రటి మరక అంటింది.

బయట మూలన, గోడ కింద గడ్డిలో అగ్గిపెట్టె అంత పెచ్చు ఒకటి పడి ఉంది. ఏజెంటు అటు తిరిగినప్పుడు జేబులో వేసుకున్నాను. ఈ వయసులో దొంగతనం. వాడి వంటింట్లో దాన్ని సుత్తితో విరగ్గొట్టాం. ల్యాబులో అయితే తాజాగా విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లుతారు. ఇంటర్ ప్రాక్టికల్సులో టైట్రేషన్ చేసినవాళ్లకి తెలుసు, క్షారం ఉంటే గులాబీ రంగు, లేకపోతే నీళ్లలా ఉండిపోతుంది. వంటింట్లో ఫినాఫ్తలీన్ ఎక్కడిది? పసుపు ఉంది. దిష్టి తీసేటప్పుడు మనవాళ్లు చేసేదేమిటి, పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా మారుతుంది. అదే పరీక్ష. పెరట్లో కొత్తగా పరిచిన సిమెంటు పలక ముక్క ఒకటి పోలికకి తెచ్చాం. రెండింటి మీదా పసుపు నీళ్లు పోశాం. కొత్త ముక్క లోపలంతా దిష్టి నీళ్ల రంగు వచ్చింది. ఏరీ పెచ్చు పైనా లోపలా చివరి దాకా పచ్చగానే ఉండిపోయింది. సున్నం మొత్తం సుద్ద అయిపోయిందన్నమాట. "డెబ్బై ఏళ్ల దిష్టి, తీసినా పోలేదు మావయ్యా" అన్నాడు వాడు.

ఒక్క పెచ్చుని బట్టి ఇంటిని తీర్పు చెప్పకూడదు. ఊడిపడిన పెచ్చు ఎలాగూ రోగమున్న చోటిదే. ఇంజనీరు అయితే అన్ని మూలలా, అన్ని ఎత్తులా చిన్న రంధ్రాలు తొలిచి, లోతువారీగా పొడి పట్టి, క్లోరైడు ఎంతో, సుద్ద ఎంత లోతుకి దిగిందో, ఇనుము ఎంత లోతులో ఉందో కొలుస్తాడు. కొన్ని ఏరీలు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. ఏది బాగుందో గోడ విప్పకుండా తెలియకపోవడమే బాధ. బ్యాంకుని భయపెట్టేది బలహీనత కాదు, కనిపించకపోవడం. ఇటుక గోడకి రోగమొస్తే బయటికి బీటపడి చెబుతుంది. ఏరీ స్తంభం గోడకాగితం వెనక గుట్టుగా చస్తుంది.

ఆ గుట్టు 1980 ప్రాంతంలో రట్టయింది. ఒక ఏరీ ఇల్లు తగలబడి, స్తంభాలు బయటపడితే, మంటకి సంబంధం లేని బీటలు కనిపించాయి. ప్రభుత్వ భవన పరిశోధన సంస్థ బీఆర్ఈ ఒక్కో రకాన్నీ విప్పి చూడటం మొదలుపెట్టింది. చిత్రమేమిటంటే సరిగ్గా అదే సమయానికి, 1980 చట్టం కింద, మునిసిపాలిటీ ఇళ్లలో అద్దెకి ఉన్నవాళ్లు ఆ ఇళ్లనే డిస్కౌంటులో కొనుక్కునే హక్కు పొందారు. జీవితంలో మొదటిసారి సొంతిల్లు అని పొంగిపోయి, అప్పు చేసి కొన్నారు. నాలుగేళ్లు తిరక్కుండా వాళ్ల ఇంటి రకం పేరు పేపర్లో వచ్చింది. అమ్మింది ప్రభుత్వం, లోపముందని తేల్చింది ప్రభుత్వం. గొడవ జరక్క ఏమవుతుంది.

1984లో హౌసింగ్ డిఫెక్ట్స్ చట్టం వచ్చింది. ఏరీ, కార్నిష్, వేట్స్, వూలవేతో సహా పాతిక రకాలకి పైగా లోపభూయిష్టమైనవని ప్రకటించారు. ఆ చట్టంలో నాకు నచ్చిన మెలిక ఒకటుంది. ఇల్లు ఈ జాబితాలో చేరాలంటే కట్టడంలో లోపం ఉండటం ఒక్కటే చాలదు. ఆ లోపం సంగతి జనానికి తెలిసిపోయి, దానివల్ల ధర బాగా పడిపోయి ఉండాలి. రోగం ఉంటే సరిపోదు, రోగం పేరు ఊరంతా మోగాలి. చట్టం రాసినవాళ్లకి అప్పటికే తెలుసు, ఇంటి విలువని తినేది తుప్పు కన్నా తుప్పు మీద వచ్చిన వార్త అని. తెలియక కొన్నవాళ్లకి మరమ్మతుకి నూటికి 90 పాళ్లు గ్రాంటు ఇచ్చారు. మరమ్మతు దండగ అనుకున్న చోట, లోపం లేకపోతే ఎంత పలికేదో ఆ ధరలో 95 శాతం ఇచ్చి ఇల్లు వెనక్కి తీసుకున్నారు. గడువు పదేళ్లు. ఆ తర్వాత కొనేవాడు తెలిసి కొంటున్నాడు కాబట్టి వాడి ఖర్మ వాడిది.

కాంక్రీటు అన్నంత మాత్రాన అన్నీ ఈ బాపతు కావు. 'నో ఫైన్స్' అని ఇసుక లేని కాంక్రీటు ఇళ్లు ఉన్నాయి, వింపీ అనే పెద్ద నిర్మాణ సంస్థ ఒక్కటే మూడు లక్షల దాకా కట్టింది. కంకరకి సిమెంటు పాలు పట్టించి అచ్చుల్లో పోస్తే మధ్య మధ్య ఖాళీలతో మరమరాల ఉండలా తయారవుతుంది. గోడల్లో ఇనుము దాదాపు లేదు, కాబట్టి తుప్పు గొడవ లేదు. ఖాళీలు పెద్దవి కాబట్టి వానతడి దీపం వత్తికి నూనె పాకినట్టు లోపలికి పాకదు. చలికి మాత్రం చచ్చిపోతారు, మేకు కొడితే దిగదు. అయినా చాలా బ్యాంకులు వీటికి అప్పిస్తాయి. ఉక్కు చట్రంతో కట్టిన బీఐఎస్ఎఫ్ ఇళ్లదీ ఇదే దారి, లోపాల జాబితాలోకి ఎక్కలేదు. వాటికి నమూనా గీసిన ఫ్రెడరిక్ గిబర్డ్ తర్వాత లివర్‌పూల్‌లో కిరీటంలాంటి కేథడ్రల్ కట్టాడు. ఆయన ఇళ్లలో చూడాల్సింది స్తంభాల పాదాలు, నేలతడి తగిలే చోటు. మిగతాది దిట్టంగా ఉంటుంది. స్కాట్లండులో కొత్త ఇళ్లలో ఎక్కువ భాగం చెక్క చట్రమే, అక్కడి బ్యాంకులకి అది అసాధారణంగా తోచదు. మామూలు అనేది కూడా ఊరి అలవాటే.

మట్టి ఇళ్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఇంగ్లండులోని డెవన్‌లో 'కాబ్' అంటారు. బంకమట్టి, గడ్డి, నీళ్లు కలిపి కాళ్లతో తొక్కి, రెండడుగుల మందాన గోడ పెడతారు. మా తాతగారి ఊళ్లో పెట్టినట్టే. పదహారో శతాబ్దపు నావికుడు సర్ వాల్టర్ రాలీ పుట్టిన ఇల్లు ఆ గోడలదే, ఇప్పటికీ ఉంది. ఆ గోడకి మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని అక్కడివాళ్లంటారు. పైన చూరు ముందుకి ఉండాలి, కింద రాతి అరుగు ఉండాలి. ఈ ఇళ్లని చంపేది కాలం కాదు, సిమెంటు పూత. మట్టిగోడ తడి పీల్చి వదులుతుంటుంది. దానికి సిమెంటు పూస్తే చెమటపట్టిన ఒంటికి ప్లాస్టిక్ చుట్టినట్టు, లోపలే నాని జారుతుంది. నాలుగొందల ఏళ్లు నిలిచిన గోడకి అప్పు పుట్టడం కష్టమూ, తొంభైల్లో గబగబా లేపిన ఇటుక డబ్బాకి తేలికా కావడం నాకు ఏనాటికీ మింగుడుపడదు. ఊరట ఏమిటంటే, ఆ జిల్లాల్లో స్థానిక బిల్డింగ్ సొసైటీలు కొన్ని ఉన్నాయి. వాళ్ల వాల్యుయర్లు ఇలాంటి ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లు. లండన్‌లో కంప్యూటరు కాదన్నదాన్ని వాళ్లు గోడ తట్టి చూసి ఔనంటారు.

ఆ పక్క కార్న్‌వాల్‌లో ఇంకో తంటా. అక్కడి తగరం, రాగి గనులు దిబ్బలకొద్దీ రాతి వ్యర్థం వదిలిపెట్టాయి. ఊరికే దొరికే కంకర కదా అని 1950ల దాకా దాన్నే సిమెంటు ఇటుకల్లో కలిపారు. ఆ రాతిలో బంగారంలా మెరిసే ఇనుప గంధకం, పైరైట్, ఉంది. తడి, గాలి తగిలితే అది గంధకామ్లంగా మారుతుంది, ఆమ్లం సిమెంటుని తింటుంది, పుట్టిన కొత్త లవణాలు ఉబ్బి ఇటుకను పిండి చేస్తాయి. పైరైట్‌కి కార్న్‌వాల్ జనం వాడే మాటతోనే దీన్ని మండిక్ అంటారు. అక్కడ ఆ కాలపు ఇంటికి అప్పు కావాలంటే గోడల్లోంచి ముక్కలు తొలిచి, సూక్ష్మదర్శిని కింద రాళ్ల జాతులు పోల్చే పరీక్ష జరగాలి. 'ఏ' తరగతి వస్తే అప్పు పుడుతుంది, 'బీ', 'సీ' వస్తే కష్టం. ఇంటి మార్కుల జాబితా అది.

2023లో బ్రిటన్ బడుల పైకప్పుల గురించి గోల వచ్చింది గుర్తుందా, రాక్ అనే నురుగు కాంక్రీటు? అది బడుల్లోనే కాదు, ఇళ్లలోనూ ఉంది. స్కాట్లండు అబర్డీన్‌లో అలాంటి కప్పులున్న సుమారు 500 ఇళ్లని పడగొట్టాలని 2024లో నిర్ణయించారు. అందులో ప్రైవేటు యజమానులూ ఉన్నారు. కప్పు పోయినా వాళ్ల అప్పు మాత్రం నిలబడే ఉంది.

మళ్లీ ఏరీకి వద్దాం. దీనికి మందు ఉంది, ఖరీదైనదే గానీ ఉంది. ఒక్కో గోడ వైపు అంతస్తుకి, కప్పుకి ఆసరాలు పెట్టి, కాంక్రీటు పలకలు, స్తంభాలు పీకేసి, వాటి చోట మామూలు ఇటుక గోడ లేపుతారు. ఒక వైపు అయ్యాక రెండో వైపు. కప్పు కదలదు, కొందరు లోపల కాపురమూ మానరు. అంతా అయ్యాక ఇంజనీరు ఒక పత్రం ఇస్తాడు. పీఆర్‌సీ సర్టిఫికెట్ అంటారు. ఏ నమూనా ప్రకారం ఏయే భాగాలు తీసి ఏం పెట్టారో అందులో ఉంటుంది. బయటికి ఇటుక కనబడితే చాలదు. పాత స్తంభాల ముందు ఒక ఇటుక వరస అందానికి పేర్చిన ఇళ్లు కూడా ఉన్నాయి. అప్పు పుట్టేది ఇటుకకి కాదు, ఆ పత్రానికి. అది పోతే మళ్లీ సంపాదించడం గోడ కట్టినంత పని. కొనేవాడు ధర మాట్లాడేముందే ఆ పత్రం చూపించమనాలి, ఏ బ్యాంకు ఆ రకానికి ఇస్తుందో తెలిసిన బ్రోకరుని పట్టుకోవాలి, బ్యాంకు వాల్యుయేషనుని నమ్ముకోకుండా తన సొంత సర్వేయరు చేత పూర్తి స్థాయి మూడో రకం సర్వే చేయించుకోవాలి. వాల్యుయరు ఫీజు మనం కట్టినా వాడు బ్యాంకు మనిషి. బీమా సంస్థకి ఇంటి రకం ముందే చెప్పాలి. దాస్తే, అవసరానికి అది చేతులెత్తేస్తుంది. మా వాడికి ఇవన్నీ అయిదు వందల పౌండ్ల ఫీజు పోయాక తెలిశాయి.

ఇంకో చిక్కుంది. ఆ ఇళ్లలో ఎక్కువ భాగం జంట ఇళ్లు. ఒకే కప్పు, మధ్యలో ఒక ఉమ్మడి గోడ, అటొక కాపురం, ఇటొక కాపురం. మీ సగం బాగుచేయించుకున్నా, అవతలి సగం పాత కాంక్రీటు అయితే? ఉమ్మడి గోడ ఎవరిది? కొన్ని బ్యాంకులు ఈ ఒక్క కారణానికే బాగుచేసిన సగానికీ అప్పివ్వవు.

మా వాడు ఇప్పుడు చూస్తున్నది అలాంటిదే. అదే వీధిలో, నాలుగిళ్ల అవతల. ఎడమ సగం ఎర్ర ఇటుక, పత్రం ఉంది, ధర పక్క వీధితో దాదాపు సమానం. కుడి సగం పొలుసుల కాంక్రీటు. కప్పు మధ్యలో గీత గీసినట్టు ఒక ఇంటి రెండు ముఖాలు. వెళ్లి అవతలి తలుపు కొట్టాం. తొంభైకి దగ్గర పడుతున్న ముసలావిడ తీసింది. కొత్తగా కట్టినప్పుడు పెళ్లికూతురిగా వచ్చిందట. మొదట అద్దెకి, తర్వాత సొంతానికి. టీ ఇచ్చింది, బిస్కెట్లు పెట్టింది. గోడ బాగుచేయించే ఆలోచన ఉందా అని మా వాడు మర్యాదగా, నసుగుతూ అడిగాడు. ఆవిడ గోడ వైపు ఒకసారి చూసి, "దీనికేమైంది?" అంది. ఆవిడకి అప్పు అక్కర్లేదు కదా.

బ్యాంకు నుంచి రెండో ఉత్తరం రావాలి. వాడు రోజూ తలుపు కింద చూసుకుంటున్నాడు.